రెండు భోజనాల తటస్థత

ఆ రోజుల్లో నా వెన్ను వంగేది కాదు. ఇప్పుడు వంగుతుంది, వంగాక మళ్ళీ లేవడానికే కొంత వ్యవధి కావాలి. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక రబ్బరు పట్టీ ఇచ్చి రోజూ సాగదీయమంది. కానీ ఇరవయ్యారేళ్ళ వయసులో, వర్జీనియాలోని షాంటిలీ అనే ఊళ్ళో, పరాయివాడి ఇంటి బేస్‌మెంటులో మూడో వంతు అద్దెకి ఉంటూ కూడా నేను దర్బారులో నిలబడ్డట్టే నిలబడేవాణ్ణి. దానికి కారణం మా వంశం. మాది ఒకప్పుడు పన్నెండు ఊళ్ళ జమీ. నా కాలానికి అందులో మిగిలినవి ఒక వెండి పొన్ను కర్ర, దివాణం అని ఊరంతా ఇంకా పిలిచే ఇంట్లో కప్పు నిలిచిన రెండు గదులు, మా నాన్నగారు నాకు నేర్పిన రెండు సూత్రాలు. ఒకటి, మన ఇంటి మగవాళ్ళు పార పట్టరు. రెండు, ఇద్దరు తగువు పడుతుంటే మనం మధ్యన కూర్చుంటాం గానీ ఒక పక్కన కూర్చోం. (ఈ రెండో సూత్రం వల్లే జమీ పోయిందని మా మేనత్త అనేది. యుద్ధం రోజుల్లో మా ముత్తాతగారు కలెక్టరు దొరకి మామిడితోటలో విందు చేసి, అదే వారం కాంగ్రెసు వాళ్ళని ధాన్యపు కొట్లో దాచారట. స్వరాజ్యం వచ్చాక వెళ్ళిపోయే దొర ఆయనతో చెయ్యి కలపలేదు, వచ్చిన కాంగ్రెసు వాళ్ళు ఆయన్ని గుర్తుపట్టలేదు. అయినా మా ఇంట్లో ఆ సంగతి గొప్పగానే చెప్పుకునేవాళ్ళం.)

ఆ బేస్‌మెంటులో నాతో ఉన్నవాళ్ళు ఇద్దరు. ఒకడు మా బావ, పైన చెప్పిన మేనత్త కొడుకు, నాకన్నా రెండేళ్ళు పెద్ద. ఆడపిల్ల సంతానం కనక జమీ బరువు వాడి వీపు మీద పడలేదు. హాయిగా వంగేవాడు, లేచేవాడు, బూట్లు తుడుచుకునేవాడు. నన్ను 'దొరా' అని పిలిచేవాడు. అందులో ముద్దెంత, వెక్కిరింత ఎంత అని నేనెప్పుడూ విడదీసి చూడలేదు, ఏం తేలుతుందో అన్న భయంతో. రెండో ఆయన వరంగల్ నుంచి వచ్చినవాడు, మా ఇద్దరికన్నా పెద్ద, అందుకని ఇద్దరం 'అన్నా' అనేవాళ్ళం. ఆష్‌బర్న్‌లో ఒక డేటా సెంటర్లో పని. మనిషి పొడుగు, గొంతు అంతకన్నా పొడుగు. బావకీ నాకూ కూడా ఆ పక్కనే ఆఫీసులు. వాళ్ళిద్దరికీ కార్లున్నాయి. నాకు కారు లేదు, లైసెన్సూ లేదు. రోడ్ టెస్టు రెండుసార్లు తప్పాను. (రెండోసారి పరీక్ష పెట్టినావిడ, మీరు లేన్ మారేటప్పుడు వెనక్కి తిరిగి చూడటం లేదు అని రాసింది. నిజానికి మా ఇంట్లో అందరం జీవితమంతా చేసేది ఆ ఒక్క పనే.) షాంటిలీలో కారు లేనివాడు ఖైదీతో సమానం. పొద్దున బావ త్వరగా వెళ్తాడు కనక వాడి కార్లో ఆఫీసుకి, సాయంత్రం ఆలస్యంగా బయల్దేరే అన్న కార్లో ఇంటికి. ఈ ఏర్పాటు గుర్తుపెట్టుకోండి, నా నీతి నియమాలన్నీ దీని మీదే ఆధారపడి ఉండేవని అప్పట్లో నాకే తెలియదు.

పై అంతస్తులో ఇంటి యజమాని ఉండేవాడు. ఎనభయ్యేళ్ళ ఐర్లండు మనిషి, భార్య పోయింది. ఆయన చొక్కా మడతలు చూసి మేం సార్జెంటు తాత అని పేరు పెట్టాం. సైన్యంలో పనిచేసిన మాట నిజమే గానీ చివరిదాకా మామూలు సిపాయిగానే ఉన్నానని ఆయనే చెప్పాడు. మాకు మాత్రం సార్జెంటే.

ఆ ఫిబ్రవరిలో రెండు రోజులు ఆగకుండా మంచు పడింది. మూడో రోజు పొద్దున మంచు తోసే బండి వచ్చి, రోడ్డు మధ్య నుంచి తీసినదంతా పక్కనున్న కార్ల మీదికి నెట్టి, నడుమెత్తు గోడ కట్టి పోయింది. బావ కారు ఆ గోడలో ఉంది. వాడు సార్జెంటు తాత గారేజిలోంచి పార తెచ్చుకుని తవ్వడం మొదలుపెట్టాడు. రెండు గంటలు తవ్వాడు. బేస్‌మెంటు కిటికీ గోడకి పైన ఉండేది, అందులోంచి రోడ్డు కనపడాలంటే కుర్చీ ఎక్కాలి. నేను కుర్చీ ఎక్కి, టీ తాగుతూ, ఆ రెండు గంటలూ చూశాను. మధ్యలో ఒకసారి బావ నడుము నిలబెట్టుకుని కిటికీ వైపు చూసి, చేత్తో రమ్మన్నట్టు సైగ చేశాడు. నేను టీ కప్పు ఎత్తి చూపించాను. (మొదటి సూత్రం.) కారు బయటపడ్డాక వాడు ఆ చోటు అంచులు కూడా శుభ్రంగా చెక్కి, పాలు కొనడానికీ సార్జెంటు తాత మందులు తేవడానికీ వెళ్ళాడు. వాడు అటు వెళ్ళిన పావుగంటకి అన్న ఇటు వచ్చాడు. మంచు వల్ల రెండు రోజులు డేటా సెంటర్లోనే చిక్కుకుపోయి, కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చి, వీధి మొత్తంలో ఖాళీగా కనపడ్డ ఆ ఒక్క చోటులో కారు పెట్టి, లోపలికొచ్చి సోఫాలో పడ్డాడు. బావ తిరిగొచ్చి, వీధంతా రెండుసార్లు తిరిగి, ఎక్కడో బడి దగ్గర కారు వదిలి, పాల డబ్బా మోసుకుంటూ మంచులో నడిచి వచ్చాడు.

"అన్నా, అది నేను తవ్విన ప్లేస్."

"ఖాళీగ కనబడ్డది, పార్క్ చేసిన. రోడ్డుకు పట్టా ఏమన్న ఉన్నదా?"

"రెండు గంటలు తవ్వాను అన్నా."

"ప్లౌ బండి వచ్చి తీసిపోయింది గాదూ. చూడు, రెండు దినాలసంది సర్వర్ల నడుమ కూసున్న, నడుము పడిపోయింది. ఇప్పుడు నాకు లెక్చర్ ఇయ్యకు. నువ్వు తవ్వినవని ఎవలు చూసిండ్రు?"

"వీడు చూశాడు," అన్నాడు బావ.

ఇద్దరూ నా వైపు తిరిగారు. నా చేతిలో ఇంకా ఆ కప్పే ఉంది, కుర్చీ ఇంకా కిటికీ కిందే ఉంది. నా కళ్ళ ముందు పొద్దున బావ కారూ, సాయంత్రం అన్న కారూ ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి. తర్వాత మా ముత్తాతగారు కనిపించారు. వెన్ను నిటారుగా పెట్టి, "ఈ విషయంలో నేను న్యూట్రల్," అన్నాను.

"న్యూట్రలా?" అన్నాడు బావ. "నేనడిగింది నువ్వెటు అని కాదు దొరా. చూశావా లేదా అని."

"చూడటం వేరు, చెప్పటం వేరు బావా."

"గట్ల జెప్పు," అని అన్న సోఫాలోంచే నవ్వాడు.

బావ పాల డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి తలుపు నెమ్మదిగా వేశాడు. గట్టిగా వేసి ఉంటే నాకంత గుబులు పుట్టేది కాదు.

అప్పట్నుంచీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు. నాలుగో రోజు చెత్తబుట్టలు బయట పెట్టడానికి పైకి వెళ్తే సార్జెంటు తాత వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. "కింద నుంచి అరుపులు వినపడితే మనుషులు బతికున్నారని తెలిసేది. ఇప్పుడేమీ వినపడటం లేదు. ఏమైంది?" అన్నాడు. జరిగింది చెప్పాను. నా తటస్థత గురించి, దాని వెనకున్న వంశ మర్యాద గురించి కూడా, కొంచెం ఎక్కువ సేపే చెప్పాను. ఆయన చక్కెర కలుపుతూ విని, "నేనూ ఆ ఉద్యోగం చేశాను," అన్నాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఐర్లండు ఏ పక్షమూ చేరలేదట. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆయన్ని ఒక క్యాంపు గేటు దగ్గర కాపలా పెట్టారు. దారి తప్పో, పెట్రోలు అయిపోయో ఆ దేశంలో దిగిన విమానాల వాళ్ళని, ఎవరైనా సరే, తీసుకొచ్చి అక్కడ ఉంచేవారు. కంచెకి ఇటు బ్రిటిష్ వాళ్ళు, అటు జర్మన్లు. "ఆకాశంలో ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునేవాళ్ళు మా దగ్గర పక్కపక్క షెడ్లలో పడుకునేవాళ్ళు. మధ్యాహ్నం గేటు దగ్గరికొచ్చి ఒక కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళు, ఇన్ని గంటలకి తిరిగి వస్తానని మాట ఇస్తున్నాను అని. పెట్టి, సైకిలెక్కి ఊళ్ళోకి పోయి, బీరు తాగి, చెప్పిన టైముకి వచ్చి మళ్ళీ ఖైదయ్యేవాళ్ళు. నేను ఇటు వచ్చిన వాళ్ళకీ సెల్యూట్ కొట్టేవాణ్ణి, అటు వచ్చిన వాళ్ళకీ కొట్టేవాణ్ణి. నా చెయ్యి నొప్పి పుట్టేది."

నాకు ఒళ్ళు పులకరించింది. మాట మీద నిలబడే శత్రువులు, ఇద్దరికీ సమానంగా మర్యాద చేసే మూడోవాడు. మా నాన్నగారు వింటే ఆయన్ని దివాణానికి పిలిచి పట్టుబట్టలు పెట్టేవారు (అప్పు చేసైనా). "అంటే పూర్తిగా నిష్పక్షపాతం," అన్నాను.

"పూర్తిగా," అన్నాడాయన. "కాకపోతే మబ్బులెటు పోతున్నాయో, వాళ్ళ విమానాల కోసం మా వాళ్ళు రోజూ ఇంగ్లీషు వాళ్ళకి చెప్పేవాళ్ళు. కొన్నాళ్ళకి బ్రిటిష్ వాళ్ళని చడీచప్పుడు లేకుండా సరిహద్దు దాటించేశాం. జర్మన్లని మాత్రం యుద్ధం అయ్యేదాకా ఉంచాం. మళ్ళీ ఆ జర్మన్ల నాయకుడు చచ్చినప్పుడు మా ప్రధానమంత్రి స్వయంగా వాళ్ళ రాయబారి ఇంటికెళ్ళి పరామర్శించి వచ్చాడు. మర్యాద ఉండాలిగా." అని టీ తాగాడు. ఆ మాటల్లో వెటకారం ఉందని నాకు తట్టలేదు. కలెక్టరు దొరా ధాన్యపు కొట్టూ గుర్తొచ్చి నేను గర్వంగా తలూపాను.

కిందికి దిగుతూనే ఒక నోటుబుక్కు తీసి ఫ్రిజ్‌కి తాడు కట్టి వేలాడదీశాను. వంటిల్లు ఆరు నుంచి ఏడున్నర దాకా బావది, ఏడున్నర నుంచి తొమ్మిది దాకా అన్నది. లోపలికెళ్ళేవాడు టైమేసి, 'చెప్పిన వేళకి బయటికి వస్తానని మాటిస్తున్నాను' అన్న వాక్యం కింద సంతకం పెట్టాలి. ఆశ్చర్యం ఏమిటంటే ఇద్దరూ పెట్టారు. (మాట్లాడుకోనివాళ్ళు నియమాలని ఎంత చక్కగా పాటిస్తారో అప్పుడే తెలిసింది.) కానీ ఐర్లండు వాళ్ళకి రాని చిక్కు ఒకటి నాకొచ్చింది. మొదటి రోజు ఆరున్నరకి బావ గుత్తివంకాయ చేసి, రెండో కంచం పెట్టి, "కూర్చో" అన్నాడు. తిన్నాను. ఎనిమిదింటికి అన్న కోడికూర దించి, "దా, తిందువు," అన్నాడు.

"నేను తిన్నాను అన్నా."

"ఓ. అయితే ఆయన దిక్కన్నట్టు."

"అబ్బే, అదేం లేదు."

"మరి కూసో."

కూర్చున్నాను. ఒకరి ఉప్పు తిని ఇంకొకరి ఉప్పు తినకపోతే తటస్థత ఎలా అవుతుంది? అలా రోజూ రెండు భోజనాలు. మారు వడ్డించుకోవడంలో కూడా తేడా రాకూడదు కదా, బావ దగ్గర రెండుసార్లు అన్నం పెట్టించుకుంటే అన్న దగ్గరా రెండుసార్లు. ఒక సాయంత్రం బావ దగ్గర పప్పుచారు బాగుందని నోరుజారితే, ఆ మాట ఎలా చేరిందో గానీ, నేను పచ్చిపులుసు గురించి అంతే పొడుగు మాట అనేదాకా అన్న గరిటె పట్టుకుని నిలబడ్డాడు. మూడు వారాలకి నా ప్యాంటు గుండీ ఊడింది. పైగా, సింకులో గిన్నెలు ఎవరివి ఎవరు తోమాలన్న దగ్గర మళ్ళీ యుద్ధం రాజుకునేలా ఉంటే, ఇద్దరివీ నేనే తోముతానన్నాను. పార పట్టని చేత్తో పీచు పట్టాను. పన్నెండు ఊళ్ళ జమీకి వారసుణ్ణి, రెండు వంటల మాడు గీకుతూ, వెన్ను మాత్రం నిటారుగానే పెట్టుకుని సింకు ముందు నిలబడేవాణ్ణి. నీళ్ళు పొట్ట మీద పడేవి.

ఇది కాక రాయబారం. ఇద్దరూ ఒకే గదిలో ఆరడుగుల దూరంలో కూర్చునేవాళ్ళు.

"ఆయనకు చెప్పు, పెరుగు డబ్బా నాది," అనేవాడు అన్న.

"పెరుగు ఎవరు తెచ్చారో చూసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పమను," అనేవాడు బావ, టీవీ మీంచి కళ్ళు తీయకుండా.

ఇలా ఫిబ్రవరి పోయింది, మార్చి సగం పోయింది. మంచు నల్లబడి, గడ్డల్లా మిగిలి, చివరికి అదీ పోయింది. ఒక పొద్దున ఆఫీసుకి వెళ్తుంటే బావ, "రెడ్‌మండ్‌లో జాబ్ కన్ఫర్మ్ అయింది. వచ్చే నెల వెళ్తున్నా," అన్నాడు. అమెరికాకి అటు చివరున్న ఊరు. సంతోషం బావా అన్నాను. పొద్దుటి కారు పోతుందన్న ఆలోచన మొదట వచ్చింది, వాడు పోతాడన్న ఆలోచన తర్వాత వచ్చింది. ఈ వరుస ఇప్పటికీ నాకు నచ్చదు.

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. "ఒకటి అడుగుతాను దొరా," అన్నాడు. "ఆ రోజు నేను తవ్వుతుంటే నువ్వు చూశావు. చూశాను అని ఒక్కసారి అను. అంతే."

"ఇప్పుడెందుకు బావా? మంచే కరిగిపోయింది."

"అందుకేరా. కరిగిపోయింది కనక ఇంక నువ్వొక్కడివే మిగిలావు."

కార్లో ఉన్నది మేమిద్దరమే. చూశాను బావా అంటే వినేవాడు కూడా ఎవడూ లేడు. అయినా, ఇక్కడ ఒప్పుకుంటే రేపు అన్న ముందు కూడా చెప్పమంటాడని, సాయంత్రం కారు కూడా పోతుందని అనుమానం. దానికి నేను సూత్రం అని పేరు పెట్టుకున్నాను. "మధ్యవర్తిని బావా నేను," అన్నాను. సిగ్నల్ మారింది. బావ రేడియో పెట్టాడు.

ఆ పై వారం శనివారం సార్జెంటు తాత గారేజి సర్దుతుంటే సాయం వెళ్ళాను. (సాయం అంటే, ఏది ఎక్కడ పెట్టాలో నిలబడి చెప్పడం.) ఒక అట్టపెట్టెలో క్రిస్మస్ కార్డుల కట్ట బయటపడింది. జర్మనీ తపాలా బిళ్ళలు. "గేటు దగ్గర నేను సెల్యూట్ కొట్టిన వాళ్ళల్లో ఒకాయన. పదిహేనేళ్ళు పంపాడు, పోయేదాకా," అన్నాడు. నేను మళ్ళీ పులకరించబోతుంటే ఆయన బల్ల మీద కూర్చుని, నేనడగకుండానే చెప్పాడు. తాతకి ఒక సొంత అన్న ఉండేవాడు. ఆయనా ఐర్లండు సైన్యంలోనే చేరాడు, కానీ కూర్చుని కాపలా కాయడం నచ్చక ఒక రోజు సరిహద్దు దాటి బ్రిటిష్ సైన్యంలో కలిసి జర్మన్లతో పోరాడాడు. యుద్ధం అయ్యాక ఇంటికొస్తే సొంత దేశం పారిపోయినవాడి కింద జమకట్టి, ఏడేళ్ళు సర్కారు ఉద్యోగం ఇవ్వకూడదని పేరు జాబితాలో రాసింది. ఊళ్ళో తలుపులు మూసుకున్నాయి.

"ఒక ఆదివారం మా అన్న నన్ను అడిగాడు, నాతో బజారు చివరిదాకా నడిచి రా అని. ఏమీ మాట్లాడక్కర్లేదు, పక్కన నడువు చాలు అన్నాడు. నేను యూనిఫాంలో ఉన్నాను. నేను ఏ పక్షమూ కాదు అన్నాను. ఆ వారమే ఓడెక్కి ఇంగ్లండు పోయాడు." కార్డుల కట్టకి రబ్బరు బ్యాండు వేస్తూ ఆయన, "జర్మను పదిహేను కార్డులు పంపాడు. మా అన్న ఒక్కటీ పంపలేదు," అన్నాడు. తర్వాత పార తీసి గోడకి తగిలిస్తూ, నన్ను చూడకుండా, "దీంతో తవ్వినవాడు ఏ ఊరు వెళ్తున్నాడన్నావు?" అన్నాడు.

మెట్లు దిగి రావడానికి నాకు చాలా సేపు పట్టింది. పన్నెండు మెట్లే.

మర్నాడు ఆదివారం పొద్దున, ఎవరి వంతూ కాని వేళ చూసి, ఇద్దర్నీ వంటింట్లోకి పిలిచాను. నోటుబుక్కులో సంతకం కూడా పెట్టలేదు. నిలబడే చెప్పాను, చేతులు వెనక్కి కట్టుకుని, మా నాన్నగారు ఊరి పెద్దల ముందు మాట్లాడినట్టు. "ఫిబ్రవరిలో ఆ పార్కింగ్ చోటు బావ తవ్వాడు. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా తవ్వాడు. నేను కుర్చీ ఎక్కి చూశాను. ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. దీని వల్ల నాకు ఏ కష్టమొచ్చినా భరిస్తాను." ఆఖరి వాక్యం ముందే తయారు చేసుకున్నది. వాళ్ళిద్దరూ నా వైపు కాకుండా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు అన్న భుజాలు కదిలాయి, తర్వాత బావవి.

"తమ్మీ," అన్నాడు అన్న కళ్ళు తుడుచుకుంటూ, "ఆయనే తవ్విండని నాకెప్పుడో ఎరుక. నేను సారీ గూడ చెప్పిన."

"ఎప్పుడు?"

"మూడు వారాలు దాటింది. మధ్యాన్నం పూట ఆఫీస్ పార్కింగ్‌ల నా కారు బ్యాటరీ డెడ్ అయింది. ఎవలకు ఫోన్ చెయ్యాలె? నువ్వేమో లైసెన్స్ లేనోనివి. ఈయనకే చేసిన. వచ్చి, ఆయన కారుకు వైర్లు కలిపి జంప్ ఇచ్చిండు. గప్పుడే అన్న, తప్పు నాదేరా, నిద్ర లేక మొండిగ మాట్లాడిన అని. అప్పట్నుంచి లంచ్ ఇద్దరం కలిసే తింటున్నం."

"మరి నాకెందుకు చెప్పలేదు? పెరుగూ, సంతకాలూ, అవన్నీ..."

ఇద్దరూ సింకు వైపు చూశారు. "గిన్నెలు మస్తు కడుగుతున్నవ్," అన్నాడు అన్న. "మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు డిస్టర్బ్ చెయ్యాలె అనుకున్నం."

"అడుగు కూడా గీకుతున్నాడన్నా," అన్నాడు బావ.

నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, రెండు నెలల్లో ఏడు కిలోలు పెరిగి, మూడు వారాల క్రితమే ముగిసిన యుద్ధంలో ఒంటరిగా తటస్థంగా ఉన్నవాణ్ణి. కానీ నవ్వుతూ నవ్వుతూ ఉండగా లెక్క ఒకటి తట్టింది. బావ కార్లో నన్ను అడిగింది పది రోజుల క్రితం. అప్పటికే వాళ్ళిద్దరూ కలిసిపోయారు. అంటే వాడికి సాక్ష్యం అక్కర్లేదు, పార్కింగూ అక్కర్లేదు, అన్న ముందు నెగ్గడం అంతకన్నా అక్కర్లేదు. ఎవరూ వినని చోట, వెళ్ళేముందు, నా నోటి నుంచి ఆ ఒక్క మాట విందామని అడిగాడు. నేను వాడికి రేడియోనే మిగిల్చాను.

అన్న స్నానానికి వెళ్ళాక, "బావా, ఆలస్యమైంది," అన్నాను.

వాడు నోటుబుక్కు తాడు విప్పుతూ, "చెప్పావులే," అన్నాడు. తర్వాత తాడు చుట్టచుట్టి, "నాతో పోట్లాడినవాడు నీకన్నా ముందు చెప్పాడు దొరా," అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మధ్యాహ్నం ముగ్గురం ఒకే కుండలో వండుకుని తిన్నాం. నేను ఒక్కసారే తిన్నాను. గిన్నెలు బావ తోమాడు.

ఏప్రిల్‌లో వాడు రెడ్‌మండ్ వెళ్ళాడు. పొద్దున్నే విమానం, అన్నే దింపాడు. నేను లేచేసరికి నోటుబుక్కు ఫ్రిజ్ మీద ఉంది. చివరి పేజీలో వెళ్ళిన టైము, సంతకం. తిరిగొచ్చే టైము దగ్గర ఖాళీ. తర్వాతి నెల అన్న కార్లో రోడ్ టెస్టుకి వెళ్ళాను. లేన్ మారేటప్పుడు మెడ తిప్పి వెనక్కి చూశాను. పాసయ్యాను.

ఇదంతా ఇరవయ్యేళ్ళు దాటిన మాట. సార్జెంటు తాత ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు. ఆయన పోయిన కొన్నేళ్ళకి, అప్పట్లో సైన్యం విడిచి బ్రిటిష్ వాళ్ళ తరఫున పోరాడిన వాళ్ళందర్నీ ఐర్లండు ప్రభుత్వం క్షమించిందని ఆఫీసులో కూర్చుని ఎక్కడో చదివాను. చదివి, పై అంతస్తుకి వెళ్ళి చెప్పాలనిపించింది. ఏ పై అంతస్తుకి వెళ్తాను? బావకి ఫోన్ చేశాను. వాడికి ఆ బేస్‌మెంటులో నేను చెప్పిన కథంతా గుర్తుంది. విని, "వాళ్ళకీ ఆలస్యమే అన్నమాట," అన్నాడు.

నేనిప్పుడు ఆష్‌బర్న్‌లో ఉంటున్నాను. ఇల్లు సొంతం, పార సొంతం. వర్జీనియాలో మంచు పడిందని టీవీలో చూడగానే రెడ్‌మండ్ నుంచి ఫోన్ వస్తుంది, ఒక్క ఏడూ తప్పలేదు. ఈ శీతాకాలం కూడా వచ్చింది. అప్పటికి ఇంటి ముందంతా తవ్వి, అలవాటు కొద్దీ పక్కింటివాళ్ళ కారు చుట్టూ కూడా కొంత తవ్వి, రెండు చేతులూ పార మీద ఆనించి నిలబడి ఉన్నాను. నడుము ఎక్కడుందో తెలియడం లేదు.

"తవ్వడం అయిందా దొరా?"

"అయింది బావా."

"ఎవరు తవ్వారు?"

"నేనే."

"ఎవరు చూశారు?"

వెనక్కి తిరిగి ఇంటి వైపు చూశాను. లోపల వెచ్చగా, కిటికీ దగ్గర, చేతిలో టీతో మా ఆవిడ నిలబడి ఉంది. "మీ చెల్లెలు చూసింది," అన్నాను.

"ఏమంటుందో అడుగు మరి."

పార ఎత్తి, తవ్వినదంతా చూపించి, చూశావా అన్నట్టు సైగ చేశాను. ఆవిడ నన్ను తీరిగ్గా పై నుంచి కింద దాకా చూసి, టీ కప్పు ఎత్తి చూపించింది.